మన బడి కొత్త వెబ్‌సైట్ గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులకు, పిల్లల బాగోగులు చూసుకుంటున్న తాతయ్యలకు, అమ్మమ్మలకు, నానమ్మలకు నమస్కారం.

మన బడి కొత్త వెబ్‌సైట్ ఈ నెల నుంచి పనిచేస్తోంది. పరీక్షల టైమ్‌టేబుల్, సెలవుల జాబితా, బస్సు రూట్లు, నోటీసులు ఎవరైనా చూడొచ్చు. మీ పిల్లల మార్కులు, హాజరు మాత్రం మీకు ఇచ్చిన పాస్‌వర్డ్‌తో లాగిన్ అయితేనే కనిపిస్తాయి. సైన్స్ ఫెయిర్, ఆటల పోటీల విశేషాలు ఈ సంచిక లోపలి పేజీల్లో ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం మొత్తం వెబ్‌సైట్ భద్రతకే కేటాయించాను. ఇది కంప్యూటర్ మాస్టారికి వదిలేస్తే సరిపోయే విషయం అని నేను అనుకోను. అందులో ఉన్నవి మీ పిల్లల వివరాలు. వాటికి ముందు జవాబు చెప్పాల్సింది నేనే.

పాత సైట్ హెచ్‌టీటీపీ పద్ధతిలో, అంటే సమాచారాన్ని దాచకుండా తెరిచి పంపే పద్ధతిలో నడిచేది. ఫోన్‌లో తెరిస్తే చిరునామా పక్కన ‘సురక్షితం కాదు’ అని వచ్చేది. 2018 జులై నుంచి క్రోమ్ బ్రౌజర్ ఇలాంటి సైట్లన్నిటికీ ఆ మాట చూపిస్తోంది. దాన్ని చూసి సైట్‌లో వైరస్ ఉందేమో అని చాలామంది టెన్షన్ పడ్డారు. ఆ హెచ్చరిక వైరస్ గురించి కాదు, దారి గురించి. మీరు ఫోన్‌లో టైప్ చేసింది బడి సర్వర్‌కు (సైట్‌ను నడిపే కంప్యూటర్‌కు) చేరేలోపు ఇంట్లోని వైఫై రూటర్, కేబుల్ నెట్ ఆపరేటర్, మొబైల్ కంపెనీ, మధ్యలో ఇంకెన్నో కంప్యూటర్ల గుండా వెళ్తుంది. క్లాసులో చివరి బెంచీ నుంచి మొదటి బెంచీకి చేతులు మారుతూ వెళ్లే చీటీని దారిలో ఎవరైనా విప్పి చదవొచ్చు, ఒక మాట కొట్టేసి ఇంకో మాట రాసి ముందుకు పంపొచ్చు. హెచ్‌టీటీపీలో జరిగేది అదే. చదవడం కంటే ఆ మార్చడమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. బస్టాండులో ఎవరో పెట్టిన ఉచిత వైఫైలో మీరు బడి నోటీసు తెరిస్తే, అందులో ఫోన్ నంబరో బ్యాంకు ఖాతా నంబరో మార్చి చూపించడం ఆ వైఫై నడిపేవాడికి సాధ్యమే.

కొత్త సైట్ హెచ్‌టీటీపీఎస్‌లో నడుస్తుంది. మీరు సైట్ తెరిచిన ప్రతిసారీ మీ బ్రౌజర్, బడి సర్వర్ కలిసి అప్పటికప్పుడు ఒక రహస్య తాళంచెవి తయారు చేసుకుంటాయి. ఆ తరువాత వెళ్లేదంతా ఆ తాళంచెవి ఉన్న ఇద్దరికే అర్థమవుతుంది. మధ్యలో ఎవరైనా ఒక్క అక్షరం మార్చినా బ్రౌజర్ పసిగట్టి ఆపేస్తుంది. మీరు ఏ సైట్‌కు వెళ్లారో మధ్యలోవాళ్లకు తెలియవచ్చు గానీ, అందులో ఏం చూశారో, ఏం టైప్ చేశారో తెలియదు.

అయితే రహస్యంగా మాట్లాడటం ఒక్కటే చాలదు. ఎవరితో మాట్లాడుతున్నామో కూడా తెలియాలి. సెక్యూరిటీ సర్టిఫికెట్ అవసరం అక్కడే వస్తుంది. అందులో ముఖ్యంగా ఉండేవి సైట్ చిరునామా, దాని పబ్లిక్ కీ (అందరికీ చూపించే తాళంచెవి; దానికి జత అయిన రహస్య కీ సర్వర్‌లోనే ఉంటుంది), గడువు తేదీ, జారీ చేసిన సంస్థ డిజిటల్ సంతకం. నమ్మదగిన సంస్థల జాబితా మీ ఫోన్‌లోనో బ్రౌజర్‌లోనో ముందే ఉంటుంది. సంతకం ఆ జాబితాతో సరిపోలితే పేజీ తెరుచుకుంటుంది, లేకపోతే పెద్ద హెచ్చరిక వస్తుంది.

మన సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ నుంచి తీసుకున్నాం. లాభాపేక్ష లేకుండా 2015 నుంచి ప్రపంచమంతటా ఉచితంగా సర్టిఫికెట్లు ఇస్తున్న సంస్థ అది. సైట్ చిరునామా మన చేతిలోనే ఉందని రుజువు చేయడానికి, వాళ్లు చెప్పిన అక్షరాల వరుసను వాళ్లు చెప్పిన చోట మన సైట్‌లో ఉంచాలి. సైట్ మీద అధికారం లేనివాళ్లు ఆ పని చేయలేరు. వాళ్ల కంప్యూటర్ వచ్చి చూసుకుని సర్టిఫికెట్ ఇస్తుంది. అంతా నిమిషాల్లో అయిపోయే పని.

ఉచితం అనగానే కమిటీ సమావేశంలో సహజంగానే అనుమానం వచ్చింది. బయట ఇవే సర్టిఫికెట్లకు ఏటా వేల రూపాయలు అడిగేవాళ్లు ఉన్నారు. డబ్బు పెట్టి కొన్నంత మాత్రాన సమాచారానికి పడే తాళం గట్టిది అయిపోదు. రెండింటిలోనూ తాళం ఒకటే. ఎక్కువ ధర సర్టిఫికెట్లకు ఒకప్పుడు చిరునామా పక్కన సంస్థ పేరు కనిపించేది. వాడేవాళ్లకు దానివల్ల పెద్దగా రక్షణ లేదని 2019లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ అక్కడి నుంచి తీసేశాయి. ఆ డబ్బు లైబ్రరీకి పనికొస్తుంది.

మన సర్టిఫికెట్ గడువు 90 రోజులు. గడువు ముగియకముందే సర్వరే కొత్తది తెచ్చుకుంటుంది. ఇంత తక్కువ గడువు ఎందుకంటే, సర్వర్‌లోని రహస్య కీ ఎవరైనా దొంగిలించినా అది ఎక్కువ కాలం పనికిరాకుండా ఉండాలని. ప్రపంచమంతా ఇదే దారిలో వెళ్తోంది. ఏ సర్టిఫికెట్ అయినా 398 రోజుల వరకు ఉండొచ్చన్న పరిమితిని తగ్గించాలని బ్రౌజర్ కంపెనీలు, జారీ సంస్థలు 2025లో నిర్ణయించాయి. 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి నుంచి 100, 2029 మార్చి నుంచి 47. ఏడాదికోసారి ఎవరో గుర్తుపెట్టుకుని మార్చే పద్ధతికి కాలం చెల్లినట్టే. అందుకే ఆటోమేటిక్ ఏర్పాటు లేని సర్వర్ మనకు వద్దని మొదట్లోనే తేల్చి చెప్పాం. సైట్ చిరునామాను కూడా తయారుచేసిన వాళ్ల పేరు మీద కాకుండా బడి పేరు మీదే రిజిస్టర్ చేయించాం. రేపు వాళ్లు మారినా, మేం మారినా చిరునామా బడిదే.

ఇదంతా తొమ్మిదో తరగతి పిల్లలకు కంప్యూటర్ ల్యాబ్‌లో చూపిస్తున్నప్పుడు ఒక అమ్మాయి లేచి, “సంతకం పెట్టేవాళ్లే మోసపోతే ఎలా సార్?” అని అడిగింది. ఆ ప్రశ్న విని నాకు చాలా సంతోషమేసింది. ఎందుకంటే నిజంగానే అలా జరిగింది. నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే జారీ సంస్థ ఉండేది. 2011లో హ్యాకర్లు దానిలోకి చొరబడి గూగుల్ పేరుతో సహా వందల నకిలీ సర్టిఫికెట్లు చేయించుకున్నారు. ఇరాన్‌లో జీమెయిల్ వాడేవాళ్ల మీద నిఘాకు వాటిని వాడారు. సంగతి బయటపడగానే బ్రౌజర్లన్నీ ఆ సంస్థను జాబితా నుంచి తొలగించాయి, ఆ ఏడాది సెప్టెంబరులోనే అది దివాలా తీసింది. ఇలాంటి దెబ్బలు తిన్నాకే, జారీ అయ్యే సర్టిఫికెట్లను అందరూ చూడగలిగే బహిరంగ చిట్టాల్లో నమోదు చేసే పద్ధతి వచ్చింది. 2018 నుంచి క్రోమ్ అలా నమోదు కాని కొత్త సర్టిఫికెట్లను ఒప్పుకోవడం లేదు. మన బడి చిరునామాతో ఇంకెవరైనా సర్టిఫికెట్ తీసుకున్నారేమో ఆ చిట్టాలో చూడొచ్చు. ఆ పనిని ఇకపై తొమ్మిదో తరగతి పిల్లలే మాస్టారి పర్యవేక్షణలో చేస్తారు. భద్రత గురించి పాఠం చదవడం కంటే తమ బడికి తామే కాపలా కాయడం వాళ్లకు ఎక్కువ నేర్పుతుందని నా నమ్మకం.

ఇక మీరు తప్పకుండా తెలుసుకోవాల్సిన సంగతి. సర్టిఫికెట్ ఉన్న ప్రతి సైట్ మంచిది కాదు. మీరు చూస్తున్న చిరునామాకే చేరారని, దారిలో ఎవరూ వినడం లేదని మాత్రమే అది చెబుతుంది. ఆ చిరునామా ఎవరిది, వాళ్లు నిజాయితీపరులా అనేది చెప్పదు. మోసగాడు కూడా తన నకిలీ సైట్‌కు నిమిషాల్లో సర్టిఫికెట్ తీసుకోగలడు. తాళం బొమ్మ చూసి జనం సైట్‌ను నమ్మేస్తున్నారనే, 2023 సెప్టెంబరులో క్రోమ్ చిరునామా పక్కన ఆ బొమ్మను తీసేసి వేరే గుర్తు పెట్టింది. కాబట్టి చిరునామా చదవండి. హెచ్‌టీటీపీఎస్ తరువాత రెండు గీతలు దాటాక మొదలై, మళ్లీ ఒక ఏటవాలు గీత వచ్చేవరకు ఉన్నదే సైట్ పేరు. దాన్ని చివరి నుంచి వెనక్కి చదవాలి. మనది బడి పేరు, చుక్క, ఇన్ అని ముగుస్తుంది. బడి పేరు ముందు కనిపించి, దాని తరువాత చుక్క పెట్టి ఇంకేదో పేరు ఉంటే అది ఆ ఇంకెవరిదో. బడి పేరు పక్కన అడ్డగీత పెట్టి ‘ఫీజు’ అని చేర్చినా మనది కాదు. సరైన చిరునామా పిల్లల డైరీ మొదటి పేజీలో అచ్చువేశాం. ఒక్కసారి దాన్ని చూసి టైప్ చేసి, ఫోన్‌లో బుక్‌మార్క్ చేసుకోండి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే లింకు నొక్కి లాగిన్ కావద్దు, అది నా పేరుతో వచ్చినా సరే.

(చిరునామాను పూర్తిగా తెలుగు లిపిలో, చివర చుక్క భారత్ అని ఉండేలా కూడా తీసుకోవచ్చు. అలాంటి చిరునామాకు కూడా సర్టిఫికెట్ ఇస్తారు. ఇంగ్లిష్ అక్షరాలు టైప్ చేయడం ఇబ్బందిగా ఉండే పెద్దవాళ్ల కోసం దాన్ని కూడా తీసుకోవాలని నాకు గట్టిగా ఉంది. వచ్చే సంవత్సరం కమిటీ ముందు పెడతాను.)

ఫీజు ఈ వెబ్‌సైట్‌లో కట్టించుకోం. ఎప్పటిలాగే ఆఫీసు కౌంటర్‌లో, లేదా అక్కడ అతికించిన క్యూఆర్ కోడ్‌తో యూపీఐలో కట్టొచ్చు. రాయితీ తిరిగి ఇస్తామని, స్కాలర్‌షిప్ వేస్తామని చెప్పి ఎవరైనా యూపీఐ పిన్ నొక్కమంటే అది మోసం. డబ్బు పంపడానికే పిన్ కావాలి, అందుకోవడానికి అక్కర్లేదు. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

సైట్‌లో ఏం పెట్టకూడదో కూడా నిర్ణయించుకున్నాం. ఆధార్ నంబర్లు, అపార్ (విద్యార్థి గుర్తింపు) నంబర్లు, ఇంటి చిరునామాలు, పుట్టిన తేదీలు అందులో ఉండవు. పిల్లల ఫొటో పక్కన పేరు ఉండదు. మీ రాతపూర్వక అనుమతి లేకుండా ఫొటో కూడా ఉండదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది, వాళ్లకు గురిపెట్టిన ప్రకటనలు వద్దంటుంది. బడులకు కొన్ని సడలింపులు ఉన్నా వాటి మీద ఆధారపడే ఉద్దేశం నాకు లేదు. ప్రకటనలు గానీ, ఎవరు ఏ పేజీ చూశారో బయటి కంపెనీలకు చెప్పే కోడ్ గానీ మన సైట్‌లో లేవు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, ఫోన్ నంబరు మార్చుకుంటాం. పిల్లవాడి పుట్టిన తేదీ ఒకసారి బయటికి పోతే మార్చేది కాదు. దారికి ఎంత మంచి తాళం వేసినా, అవసరం లేని సమాచారం అసలు పోగుచేయకపోవడమే ఎక్కువ క్షేమం.

కొందరి ఫోన్లలో సైట్ తెరుచుకోకుండా హెచ్చరిక రావచ్చు. ముందు ఫోన్‌లో తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో చూడండి. తేదీ తప్పుగా ఉంటే సర్టిఫికెట్ గడువు ముగిసిందనో, ఇంకా మొదలే కాలేదనో ఫోన్ అనుకుంటుంది. తేదీ సరిగానే ఉన్నా తెరుచుకోకపోతే ఫోన్ బాగా పాతదై ఉండొచ్చు. ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ఫోన్లలో ఉండే జాబితాలో మన సర్టిఫికెట్ సంస్థ పేరు లేదు. అలాంటి ఫోన్ ఉన్నవాళ్లు కొత్తది కొనాల్సిన పనిలేదు. ఆఫీసులో చెబితే ప్రతి నోటీసు, మార్కుల కాగితం పిల్లలతో పంపిస్తాం. హెచ్చరికను దాటి ముందుకు వెళ్లే దారి ఫోన్ చూపించినా మాత్రం వెళ్లొద్దు, పాస్‌వర్డ్ కొట్టొద్దు.

పాస్‌వర్డ్‌లు సీలు వేసిన కవరులో ప్రోగ్రెస్ కార్డుతో పాటు అందుతాయి. మొదటిసారి లాగిన్ కాగానే మార్చుకోండి. పిల్లలతో పంచుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. పదో తరగతి పిల్లలకైతే చెప్పడమే మంచిదని నా అభిప్రాయం.

వచ్చే శనివారం బడి అయిపోయాక కంప్యూటర్ ల్యాబ్ తెరిచే ఉంటుంది. మీ ఫోన్ తీసుకుని రండి. చిరునామా ఎలా చదవాలో, సర్టిఫికెట్ వివరాలు ఎక్కడ కనిపిస్తాయో తొమ్మిదో తరగతి పిల్లలు పక్కన కూర్చుని చూపిస్తారు. పనుల వల్ల శనివారం కుదరనివాళ్లు ఏ రోజైనా ఉదయం ప్రార్థన తరువాత ఆఫీసుకు రావొచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు