మా బడి నిలబడటానికి చెయ్యి వేసిన అందరికీ కృతజ్ఞతలు

మార్కాపురానికి కాస్త దూరంలో, మా ఊళ్లో, జూన్ 12న చిన్న బడి తెరిచాం. నర్సరీ నుంచి మూడో తరగతి దాకా 46 మంది పిల్లలు. నిన్న దసరా సెలవులు ఇచ్చాం. ఇన్నాళ్లకు కుదురుగా కూర్చునే తీరిక దొరికింది. ముందుగా చేయాల్సిన పని ఇదే అనిపించింది.

మార్చి నుంచి మే దాకా పనంతా నా ఒక్కదాని నెత్తిన వేసుకున్నాను. ఎవరూ వేయలేదు, నేనే వేసుకున్నాను. సొసైటీ రిజిస్ట్రేషన్, అద్దె ఒప్పందం, బిల్డింగ్ గట్టిగా ఉందని ఇంజనీరు ఇచ్చే సర్టిఫికెట్, అగ్నిమాపక శాఖ కాగితం, సున్నాలు, బెంచీలు, ఆటోలు. గుర్తింపు లేకుండా బడి నడపకూడదని విద్యాహక్కు చట్టంలోనే ఉంది కాబట్టి ఏ కాగితం ఆగినా నాకు నిద్ర పట్టేది కాదు. 2001 సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. మాకూ ఏడుగురు ఉన్నారు. అందరి చేతా సంతకాలు పెట్టించాను గానీ, ఒక్కరికీ ఒక్క పని అప్పజెప్పలేదు.

మే మూడో వారంలో వడదెబ్బ తగిలి పడిపోయాను. ఒక పక్క సెలైన్ ఎక్కుతుంటే, ఇంకో పక్క ఫోన్‌లో గోడల రంగు గురించి చెబుతున్నాను. మా వదిన ఫోన్ లాక్కుని, మందుల చీటీ వెనక గీతలు గీసి, "చూడమ్మా, ఏ పని ఎవరిదో ఇప్పుడే చెప్పు. చెప్పేదాకా ఈ ఫోన్ నీకు ఇవ్వను" అంది. ఆ చీటీ ఇప్పటికీ ఆఫీసు రూమ్‌లో అద్దం కింద ఉంది.

డబ్బు లెక్క వదినే తీసుకుంది. "ఐదు వేల లోపు ఖర్చుకు నిన్ను అడగను. నువ్వూ నన్ను అడగొద్దు. నెలాఖరున పుస్తకం చూడు" అంది. మొదటి నెల నాకు మనసు ఆగలేదు, రెండుసార్లు అడిగేశాను. తను పుస్తకం నా ముందు పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. మళ్లీ అడగలేదు.

అడ్మిషన్ రిజిస్టర్ మా ఊరి రిటైర్డ్ హెడ్‌మాస్టర్ గారికి ఇచ్చాం. పేర్లు రాయడమే కదా, సాయంత్రానికి నేనే రాసేస్తాననుకున్నాను. ఆయన ఆ పుస్తకం మీద ఎనిమిది రోజులు కూర్చున్నారు. పుట్టిన తేదీ అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి. కొట్టివేత ఉండకూడదు. ఒక్కో పిల్లను దగ్గరికి పిలిచి, చేతులు, మెడ, చెంపలు చూసి రెండు పుట్టుమచ్చలు వెతికారు. ఒక పాపకు మచ్చ ఎంతకీ కనబడకపోతే, వాళ్ల అమ్మను అడిగి చెవి వెనక ఉందని తెలుసుకుని రాశారు. ఇంకో బాబుకు ఆధార్‌లో ఒక తేదీ, జనన ధ్రువపత్రంలో ఒక తేదీ ఉంటే, ఎండలో వాళ్లింటికి నడిచి వెళ్లారు. "ఇక్కడ పడిన తేదీయే రేపు టెన్త్ మెమోలో పడుతుందమ్మా. ఉద్యోగం నుంచి రిటైరయ్యేదాకా వాడి వెంటే ఉంటుంది" అన్నారు. ఆ మాట నాకు తెలియదు. నేను రాసి ఉంటే ఎన్ని తప్పులు పడేవో.

తాగేనీళ్ల సంగతీ అంతే. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. కాచి ఇద్దాం అన్నాను. రెండో తరగతి పాప వాళ్ల అమ్మ, "కాస్తే క్రిములు పోతాయి గానీ ఫ్లోరైడ్ పోదు మేడమ్. మా మామగారి కాళ్లు చూశారుగా" అంది. అదే రోజు నీళ్ల పని ఆమెకు అప్పజెప్పాను. ప్లాంటు నీళ్ల క్యాన్లు లెక్కపెట్టి దించుకోవడం, డ్రమ్ములు కడగడం, గ్లాసులు ఎండలో బోర్లించడం అన్నీ ఆమెవే. నీళ్ల విషయంలో ఆమె మాటే చివరి మాట, నాది కాదు.

మా మూడో తరగతి టీచరమ్మకు ప్రత్యేకంగా చెప్పాలి. క్లాసు ఆమె చేతికి ఇచ్చాను అంటూనే రోజూ వెనక బెంచీలో కూర్చునేదాన్ని. వారం చూసి, "మేడమ్, మీరు కూర్చుంటే పిల్లలు మీ ముఖం చూస్తున్నారు, బోర్డు చూడటం లేదు" అని మెల్లగా చెప్పింది. ఆ ధైర్యానికి నా నమస్కారం. ఇప్పుడు పిలిస్తేనే వెళ్తున్నాను.

పలకల ఫ్యాక్టరీలో పనిచేసే తండ్రి ఒకాయన, పిల్లలందరికీ చెక్క చట్రం ఉన్న రాతి పలకలు తెచ్చి ఇచ్చి, అంచులు గుచ్చుకోకుండా ఒక్కోటి చేత్తో తడిమి చూశారు. మార్కాపురం పలక మీద మా పిల్లలు అ, ఆ దిద్దారు. ఆటో అన్నకు, తాళాలు చూసే ఆయాకు, సున్నం కొట్టిన కుర్రాళ్లకు, అందరికీ పేరుపేరునా దండాలు.

పోయిన వారం అమ్మను కంటి డాక్టరుకు చూపించి బడికి వచ్చేసరికి పదకొండు అయింది. ప్రార్థన అయిపోయింది, హాజరు పడింది, ఒక్క ఫోన్ కూడా రాలేదు.

మాస్టారూ, మీరు అడిగిన నల్ల ఇంకు సీసా తెచ్చాను. రిజిస్టర్ పక్కన సొరుగులో పెట్టాను.