లెఫ్టినెంట్‌కు ఒక కొలత, జనరల్‌కు ఒక కొలతా?

సంపాదకులు గారికి,

నార్పల నుంచి గూగూడు పోయే రోడ్డు మీద పొద్దున ఐదింటికే మా పిల్లలు పరుగు తీస్తుంటారు, అగ్నివీర్ ర్యాలీ కోసం. నేను రిటైరైన హవల్దారును కాబట్టి ఫోన్‌లో టైం పెట్టుకుని కల్వర్టు మీద కూర్చుంటాను. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించే పిల్లోడొకడు ఆ మధ్య ఆయాసం తీరాక నన్ను అడిగాడు: "మామా, ఆర్మీలో గుళ్లోకి రమ్మంటే పోవాల్నా? పోకపోతే తీసేస్తారంట గదా?"

వాడు ఫోన్‌లో చూసింది 2025 నవంబరు 25 నాటి సుప్రీంకోర్టు వార్త. 2017లో చేరిన ఒక క్రైస్తవ లెఫ్టినెంట్ ట్యాంకుల రెజిమెంటులో సిక్కు జవాన్లకు ట్రూప్ లీడర్. వారం వారం జరిగే మత పరేడ్‌కు జవాన్లతో పాటు వెళ్లేవాడు. గర్భగుడిలోకి మాత్రం రానన్నాడు, బయట నిలబడతానన్నాడు. పైవాళ్లు చెప్పి చూశారు, పాస్టరు చేత కూడా చెప్పించారు. వినలేదు. 2021 మార్చిలో డిస్మిస్ చేశారు. ఢిల్లీ హైకోర్టు, ఆ తర్వాత సుప్రీంకోర్టు సైన్యం చేసింది సరైనదేనన్నాయి. పెన్షన్, గ్రాట్యుటీ లేకుండా పంపారని పేపర్లు రాశాయి. నాలుగేళ్ల సర్వీసుకు పెన్షన్ ఎలాగూ రాదు, పోయింది పరువు.

నేను ఫిరంగి దళంలో 17 ఏళ్లు చేశాను. మా ఆర్టిలరీ నినాదం 'సర్వత్ర ఇజ్జత్-ఓ-ఇక్బాల్'. మొదటి మాట సంస్కృతం, మిగతాది ఉర్దూ. హైదరాబాద్ సెంటర్‌లో మా కసమ్ పరేడ్ (ప్రమాణం చేసే పరేడ్) నాడు పండిట్‌జీ, మౌల్వీ సాబ్, గురుద్వారా గ్రంథీజీ, పాద్రీ గారు వరసగా నిలబడ్డారు, ఎవరి గ్రంథం వాళ్లు పట్టుకుని. ఎవరి గ్రంథం మీద వాళ్లం చెయ్యి పెట్టాం. ప్రమాణం మాత్రం అందరిదీ ఒకటే, రాజ్యాంగం మీద. కాబట్టి సైన్యంలో మతం లేదని నేను చెప్పను, ఉంది. రాజపుతానా రైఫిల్స్ వాళ్లు 'రాజా రామచంద్ర కీ జై' అంటూనే దాడికి లేస్తారు, సిక్కులు 'బోలే సో నిహాల్' అంటారు. ఈ నినాదాలు ఏ పార్టీ ఇచ్చినవీ కావు.

మా బ్యాటరీలో (ఫిరంగి దళంలో ఒక యూనిట్) దసరాకు గన్‌లు కడిగి, బొట్లు పెట్టి, టెంకాయ కొట్టేవాళ్లం. కొన్నేళ్లు ఆ టెంకాయ కొట్టింది మా సీనియర్ జేసీవో (సుబేదార్ స్థాయి అధికారి), ఆయన ముస్లిం. సీనియర్ కాబట్టి ఆయనే కొట్టాలి, అంతకుమించి ఎవరూ ఆలోచించలేదు. ఈద్ రోజు సేమ్యా గిన్నె ముందు మొదట కూర్చునేది పండిట్‌జీ. గూగూడు పక్కన పుట్టినవాడిని, నాకిదేమీ వింతగా తోచలేదు. మొహర్రంకు గూగూడు పీరు కుళ్లాయిస్వామి దగ్గర చక్కెర చదివించి, అగ్నిగుండం చుట్టూ తిరిగి పెరిగినవాళ్లం, ఇంట్లో పూజలు చేసుకునే హిందువులమే.

అందుకే ఆ లెఫ్టినెంట్ విషయంలో నా మనసు కోర్టు వైపే సగానికి పైగా మొగ్గింది. జవాన్లు దండం పెట్టేచోట వాళ్ల ఆఫీసరు గడప అవతల నిలబడితే వాళ్లకు మనసు చివుక్కుమంటుంది. ఆ జవాన్లే రేపు ఆయన మాట మీద ప్రాణం ఇవ్వాలి. మిగతా సగం మాత్రం ఒప్పుకోవడం లేదు. ఆ రెజిమెంటులో మందిరం, గురుద్వారా ఉన్నాయి గానీ అన్ని మతాలకు కలిపి ఉండే సర్వధర్మ స్థల్ లేదని ఆయన కోర్టులో చెప్పుకున్నాడు. నేను పనిచేసిన యూనిట్లలో అది ఉండేది, ఒకచోట రేకుల షెడ్డులోనే. ఇలాంటి పేచీలు మా రోజుల్లో సుబేదార్ సాబ్ రాత్రి చాయ్ దగ్గర తేల్చేసేవాడు. సుప్రీంకోర్టు దాకా పోయిందంటే మధ్యలో ఎవరో ఒకరు తమ పని చేయలేదనే నా అనుమానం.

సరే, తీర్పు తీర్పే. సైన్యంలో ఉన్నవాళ్ల ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించవచ్చని రాజ్యాంగం 33వ అధికరణం చెబుతోంది. యూనిఫాం వేసుకున్నాక సొంత నమ్మకం వెనక్కి జరగాలి, మంచిదే. అయితే ఆ మాట ఏ ర్యాంకు దాకా వర్తిస్తుంది? హైకోర్టు ఆ లెఫ్టినెంట్ కేసు కొట్టేసింది 2025 మే 30న. అదే వారంలో మన సైన్యాధిపతి యూనిఫాంలో చిత్రకూట్ వెళ్లి ఒక స్వామీజీని దర్శించుకున్నారు. ఆయనకు మంత్రదీక్ష ఇచ్చానని, దక్షిణగా పాక్ ఆక్రమిత కశ్మీర్ అడిగానని ఆ స్వామీజీయే విలేకరులకు చెప్పారు. సైన్యాధిపతి భక్తి ఆయన ఇష్టం. సెలవు పెట్టి, పంచె కట్టుకుని పోతే నేనూ దండం పెడతాను. భుజం మీద ఆ బ్యాడ్జీలతో పోతే మాత్రం వెనక పదకొండు లక్షల మందికి పైగా జవాన్లం పోయినట్టే. వాళ్లలో మా కీబోర్డు పిల్లోడి లాంటివాళ్లూ ఉన్నారు.

2024 డిసెంబరులో సైన్యాధిపతి ఆఫీసులో 1971లో ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయినప్పటి ఫొటో తీసేసి, చాణక్యుడు, కృష్ణుడి రథం ఉన్న కొత్త చిత్రం పెట్టారు. ఫొటోను ఢిల్లీలోని మానెక్‌షా సెంటర్‌కు మార్చారు. కొత్త చిత్రం వేసింది మద్రాస్ రెజిమెంటు ఆఫీసరే, మనవాళ్ల చేతి పనే, బాగానే ఉంది. కానీ ఆ పాత ఫొటోలో ఎవరున్నారు? సంతకం పెట్టించిన అరోరా సిక్కు, వెనక నిలబడిన జేకబ్ యూదుడు. వాళ్లను ఢిల్లీ నుంచి నడిపించిన అప్పటి సైన్యాధిపతి మానెక్‌షా పార్సీ. నాకైతే అదే దేవుడి పటం.

ఇంకొకటి చెప్పాలి, ఇది మాజీ సైనికులుగా మాకే సిగ్గు. 1965లో 'ముస్లిం రెజిమెంట్' పాకిస్తాన్‌తో పోరాడనన్నదని మా వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ తిరుగుతోంది. అప్పుడు అలాంటి రెజిమెంటే లేదు. ఈ అబద్ధం మీద చర్య తీసుకోవాలని 2020లో మాజీ నౌకాదళాధిపతి అడ్మిరల్ రాందాస్‌తో సహా వందమందికి పైగా మాజీ సైనికులు రాష్ట్రపతికి రాశారు. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ దగ్గర జీపు మీది ఆర్‌సీఎల్ గన్‌తో (ట్యాంకులను కొట్టే ఫిరంగి) పాకిస్తాన్ పాటన్ ట్యాంకులను పేల్చి చనిపోయిన అబ్దుల్ హమీద్ గ్రెనేడియర్స్ హవల్దార్, నా ర్యాంకు. పరమవీర చక్ర వచ్చింది. ఇది గ్రూపులో పెడితే ఇద్దరు లెఫ్ట్ అయ్యారు, ఒకాయన 'నీకెందుకు ఈ టెన్షన్' అన్నాడు.

పక్క దేశం చూస్తే టెన్షన్ ఎందుకో తెలుస్తుంది. 1976లో సైన్యాధిపతి అయిన జియా ఉల్ హక్ వాళ్ల సైన్యం నినాదంలో 'జిహాద్' అన్న మాట చేర్చాడు. 1977 జూలైలో ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోశాడు. మన దగ్గర అంత జరుగుతుందని నేను అనుకోను. అయినా మతం ఓటు అడిగే ఈ రోజుల్లో యూనిఫాం ఏ మఠం మెట్లు ఎక్కినా అది రాజకీయమే అవుతుంది. ప్రతి యూనిట్‌లో సర్వధర్మ స్థల్ ఉందో లేదో రక్షణ శాఖ లెక్క చెప్పాలి. ఆశ్రమాలకు, మఠాలకు, దర్గాలకు, చర్చిలకు సొంత పని మీద పోయే అధికారులు సివిల్ బట్టల్లో పోవాలని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వాలి, అది సైన్యాధిపతితోనే మొదలవ్వాలి.

పిల్లోడికి నేను చెప్పింది: "పో, జవాన్లతో పాటు నిలబడు. నీ దేవుడేం అనుకోడు. వాళ్లు కూడా నీ క్రిస్మస్‌కు వస్తారు." వాడు తల ఊపి, "మరి పెద్ద సార్లు?" అన్నాడు. పూర్తి మార్కులు రావాలంటే 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో తెంపాల, నీకింకా పద్దెనిమిది సెకన్లు ఎక్కువ అవుతోంది, ముందు అది చూసుకో అని మళ్లీ పరిగెత్తించాను.

— ఒక విశ్రాంత హవల్దార్, నార్పల మండలం, అనంతపురం జిల్లా