ఇంటి బాతులకూ టీకా అందాలి

సంపాదకులకు నమస్కారం.

కిలో కూడా తూగని బాంటమ్ (మరుగుజ్జు రకం) బాతులను, ముఖ్యంగా కాల్ డక్ జాతిని, ముచ్చటపడి కొని పంజరంలో ఉంచి, గిన్నెడు నీళ్లు పెడితే సరిపోతుందనుకునేవారిని మా కోనసీమలో చూసి బాధపడి ఈ లేఖ రాస్తున్నాను. తల ముంచి కడుక్కునేంత లోతు నీరు రోజూ లేకపోతే బాతు ముక్కురంధ్రాలు పూడుకుపోతాయి, కళ్లు పుసికట్టి మూతపడతాయి. పెరట్లో ఒక సిమెంటు తొట్టి, ఎక్కి రావడానికి రెండు ఇటుకలు ఉంటే చాలు; ఆ మురికి నీళ్లు కొబ్బరి మొదళ్లకు మంచి బలం కూడా.

మేత విషయంలో మన డెల్టా తేమతోనే పెద్ద చిక్కు. వానాకాలంలో గోనెల్లో ముక్కిపోయిన తవుడు, మొక్కజొన్న, వేరుశనగ చెక్కల్లోని బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ విషానికి కోడిపిల్లల కంటే బాతుపిల్లలు చాలా త్వరగా బలవుతాయి. ఎండబెడితే బూజు వాసన తగ్గుతుందేమో కానీ విషం పోదు కనుక, అలాంటి మేతను ఎంత ఖరీదైనా పారేయవలసిందే.

పిల్లలు తీయించేవారు నాటుకోడి కింద గుడ్లు పొదగేస్తుంటారు. కోడిగుడ్డుకు 21 రోజులైతే కాల్ డక్ గుడ్డుకు సుమారు 26 రోజులు పడుతుంది కాబట్టి, అప్పుడే పొదుగుకొచ్చిన కోడిని ఎంచుకోవాలి. పొట్టి ముక్కే అందమని తరతరానికీ మరింత పొట్టి ముక్కు జతలనే కలిపితే పిల్లలు పెంకు పగలగొట్టలేక గుడ్డులోనే చనిపోతుంటాయి. ఆ అందం కోసం ఇంత నష్టం తగదని నా అభిప్రాయం.

అన్నిటికంటే ముఖ్యమైనది టీకా. కోతలయ్యాక చేలల్లో మేసే బాతుల మందలు దిగిన పంట కాలువలోకే ఇంటి బాతులనూ వదులుతుంటారు. నీటి ద్వారా సోకే డక్ ప్లేగు అనే వైరస్ జబ్బు వచ్చిందంటే నయం చేసే మందు లేదు. 8 నుంచి 12 వారాల వయసులో వేయవలసిన టీకా ఉన్నా, ఒక్కో సీసాలో టీకా పెద్ద మందకు సరిపడా ఉంటుంది, కలిపిన కొద్ది గంటల్లోనే వాడేయాలి; నాలుగు బాతులున్న ఇంటి కోసం దాన్ని విప్పేవారు దొరకరు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరు కోళ్లలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ కావడం మనకు తెలిసిందే. బాతులు పైకి జబ్బు కనిపించకుండానే ఆ వైరస్‌ను మోయగలవు కాబట్టి, ఇంటి బాతులెన్ని ఉన్నాయో పశుసంవర్ధక శాఖకు తెలిసి ఉండటం ఊరికంతటికీ అవసరం.

పశుసంవర్ధక శాఖవారు పెంపకందారుల పేర్లు ముందుగా నమోదు చేసుకుని, బాతులన్నిటినీ ఒకచోటికి రప్పించకుండా, ఒక నిర్ణీత రోజున ఇంటింటికీ వెళ్లి ఒకే సీసాతో అందరి బాతులకూ టీకాలు వేయించాలని కోరుతున్నాను. అప్పటివరకు ఈ సూచనలను మీ వ్యవసాయ పేజీలో ప్రచురించగలరని మనవి.

– ఒక బాతుల పెంపకందారు,
ముమ్మిడివరం మండలం