శాలువాతో పాటు చేసిన పని కూడా చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

గత వారం మీ చెన్నై పేజీలో ఒక సన్మాన సభ ఫోటో వేశారు. దాని కింద ఎమ్మెల్యేగారి పేరు, కౌన్సిలరు పేరు, సంఘం అధ్యక్షుల వారి పేరు, కార్యదర్శి పేరు, చివరికి కల్యాణ మండపం ఉచితంగా ఇచ్చిన పెద్దమనిషి పేరు కూడా అచ్చయ్యాయి. సన్మానం చేయించుకున్నవాళ్లు మాత్రం ‘తదితరులు’లో కలిసిపోయారు. ఎడమ చివర, సగం ముఖం పూలదండ చాటున పడిపోయిన నీలం చీర ఆవిడ మా వీధి మనిషి. ఆవిడ కోసమే నేను ఆ సభకు వెళ్లి చివరిదాకా కూర్చున్నాను.

ఆవిడ పేరు రాయను, రాస్తే నన్ను కోప్పడుతుంది. నాలుగిళ్లలో పాచి పని చేసుకుని బతికే మనిషి. మా వణ్ణారపేటలో తమిళం చదవడం రాని, తెలుగు అక్షరాలు కూడా రాని ముసలమ్మలు ఇంకా చాలామంది ఉన్నారు. కొడుకులు పనులకు పోతారు, కోడళ్లూ పోతారు. ఈ ముసలమ్మలను ఆవిడ తెల్లవారుజామునే వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళుతుంది. ఓపీ చీటీ ఎక్కడ రాస్తారో, షుగరు పరీక్షకు రక్తం ఎక్కడ ఇవ్వాలో, కంటి డాక్టరు ఏ రోజుల్లో చూస్తారో, మందుల దగ్గర ఏ వరుస తొందరగా కదులుతుందో అన్నీ ఆవిడకు తెలుసు. డాక్టరు తమిళంలో చెప్పింది తెలుగులో చెప్పి, ఇంటికొచ్చాక మళ్లీ ఇంకోసారి చెబుతుంది, పొద్దున వేసుకోవాల్సిన మాత్రల పొట్లానికి ఎర్రదారం కట్టి ఇస్తుంది. ఆటో డబ్బులు తప్ప చెయ్యి చాచి ఇంకేమీ తీసుకోదు. అలా వెళ్లిన రోజు పని ఎగ్గొట్టావని ఒకింటివాళ్లు జీతంలో కోస్తారు కూడా. నేను కార్పొరేషన్ బడిలో తెలుగు టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఎన్నో వార్షికోత్సవాల్లో ఎందరికో బహుమతులు ఇప్పించాను. ఇంత పని చేసినవాళ్లు ఆ వరుసల్లో నిలబడగా చూసింది తక్కువ.

సభలో ఆవిడ వంతు వచ్చినప్పుడు మైకులో వినబడింది రెండు మాటలు: ‘సమాజ సేవకురాలు, మహిళామణి’. అంతే. ముందున్న ఆయనకు ‘సమాజ సేవకులు, కళాపోషకులు’, వెనకున్న ఆయనకు ‘సమాజ సేవకులు, దైవభక్తులు’. శాలువా పడింది, ఫోటో తీశారు, పక్కకు జరగమన్నారు. చేతికిచ్చిన జ్ఞాపిక మీద ఎమ్మెల్యేగారి బొమ్మ ఉంది. ఆవిడది లేదు. బయటికొచ్చాక, అక్కడున్నవాళ్లకు ఈమె ఎవరో, ఎందుకు పిలిచారో తెలిసిందా అని ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. ఒకాయన, గుళ్లో అన్నదానం చేస్తుంది కాబోలు అన్నారు.

ఎమ్మెల్యేగారి మీద నాకు కోపం లేదు. ఆలస్యంగానైనా వచ్చారు, అందరికీ నమస్కారం పెట్టారు, ఒక ముసలాయన మెట్లెక్కలేకపోతే తనే కిందికి దిగి శాలువా కప్పారు. నా బాధ వేరే. ప్రజలు ఎన్నుకున్న మనిషి ఒకరిని మెచ్చుకోవడమంటే ఆ మెప్పు మా అందరి తరఫున పలికినట్టు. అలాంటి మెప్పులో ఆమె చేసిన పని ఒక్కటీ లేకపోతే, మేము పలికించిందేమిటి?

తమిళనాడులోనే ఇది చక్కగా జరిగిన సందర్భమూ ఉంది. 2024 జనవరిలో మదురై దగ్గర ఒక బ్యాంకు ఉద్యోగిని, చనిపోయిన తన కూతురి జ్ఞాపకంగా, ఊళ్లోని ప్రభుత్వ బడిని హైస్కూలు చెయ్యడానికి ఎకరం 52 సెంట్ల భూమి రాసిచ్చింది. ఎవరికీ చెప్పలేదు. సంగతి బయటపడ్డాక మదురై ఎంపీ ఆమె పనిచేసే బ్యాంకుకే వెళ్లి గౌరవించారు. ఆ నెల 26న గణతంత్ర దినోత్సవంలో ముఖ్యమంత్రి ప్రత్యేక పురస్కారం ఇచ్చారు. ఆమెను ఎందుకు మెచ్చుకున్నారని ఆ రోజుల్లో తమిళనాడులో ఎవరిని అడిగినా చెప్పేవారు: బడికి ఎకరంన్నర నేల, కూతురి పేరు. మెప్పులో పని కనబడింది, విశేషణాలు తర్వాత వచ్చాయి. అంతకు ముందు ఏడాది సెప్టెంబరులో, అవయవాలు దానం చేసినవారికి ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరుపుతామని ముఖ్యమంత్రి ప్రకటించారు. అక్కడా ఎందుకో విడమరిచి చెప్పనక్కరలేదు.

అయితే ఇవన్నీ చట్టసభ బయట జరిగినవి. ఇక్కడ సెయింట్ జార్జి కోటలో అసెంబ్లీ ఉంది, ఢిల్లీలో పార్లమెంటు ఉంది. అక్కడ ఎవరిని తలుచుకుంటారో చూడండి. మాజీ సభ్యులు పోతే సంతాప తీర్మానం పెట్టి లేచి నిలబడతారు, అది మంచి ఆచారమే. పెద్ద విజయం వస్తే అభినందిస్తారు. 2023 సెప్టెంబరులో చంద్రయాన్-3 మీద లోక్‌సభలో చర్చే పెట్టారు. మామూలు మనిషి పేరు వినబడేది మాత్రం ఎక్కువగా ప్రమాదంలోనో, కల్తీ సారాలోనో పోయినవారి జాబితాలో. బతికుండగా, మంచి పని చేసినందుకు ఒక ఇస్త్రీ బండి ఆయన పేరో, ఒక ఆయా పేరో సభలో పలకడం నేను విన్నది లేదు.

కెనడాలో ఉన్న మా చెల్లెలి కొడుకు చెబితే అక్కడి పద్ధతి తెలిసింది. ఒట్టావాలో వాళ్ల హౌస్ ఆఫ్ కామన్స్ జరిగే రోజుల్లో, ప్రశ్నోత్తరాలకు ముందు 15 నిమిషాలు దీనికే వదులుతారు. మంత్రులు కాని సభ్యులు ఒక్కొక్కరు లేచి ఒక్క నిమిషం మాట్లాడొచ్చు. నిమిషం దాటితే స్పీకరు ఆపేస్తారు. తమ నియోజకవర్గంలో నూరేళ్లు నిండిన అవ్వ, ఊరి గ్రంథాలయాన్ని నిలబెట్టిన ఆయన, పిల్లల హాకీ జట్టుకు జీతం లేకుండా శిక్షణ ఇచ్చిన ఆమె, ఇలాంటివాళ్ల గురించి చెబుతారు. అన్నదంతా అధికారిక నివేదికలో అచ్చవుతుంది. అక్కడా అంతా బంగారం కాదట. ఆ నిమిషాన్ని ఎదుటి పార్టీని తిట్టడానికి వాడేసేవాళ్లు చాలామందే ఉన్నారని మావాడే చెప్పాడు. మన దగ్గర పెడితే ఆ జబ్బు మొదటి రోజే అంటుకుంటుంది, నాకు తెలుసు. అయినా పదిమందిలో ముగ్గురు సరిగ్గా వాడినా మేలే.

రికార్డు అన్నదాన్ని తేలిగ్గా తీసుకోకండి. మా పేటలో కాలేజీకి పేరిచ్చిన సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారు తెలుగువారు, దేవాంగుల ఇంటివారు, మద్రాసు కార్పొరేషన్‌కు అధికారి కాని తొలి అధ్యక్షులు. 1920లో ఆయన హయాంలో కార్పొరేషన్ ఒక తీర్మానం చేసింది. థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని బడిలో పిల్లలకు మధ్యాహ్నం టిఫిను పెట్టాలి, ఖర్చు పిల్లవాడికి రోజుకు ఒక అణా దాటకూడదు. పథకం ఎక్కువ కాలం నడవలేదు, బ్రిటిషు ప్రభుత్వం డబ్బు దగ్గర అడ్డం పడింది. కాగితం మాత్రం మిగిలింది. 2022 సెప్టెంబరులో ఇక్కడి ప్రభుత్వం బడుల్లో ఉదయం ఫలహారం మొదలుపెట్టినప్పుడు, నూరేళ్ల కిందటి ఆ తీర్మానాన్ని తలుచుకునే మొదలుపెట్టింది. కార్పొరేషన్ ఆఫీసు ఉన్న రిపన్ బిల్డింగ్ ముందు ఆయన విగ్రహం ఉంది, దాని మీద కాకులు వాలుతాయి. నూరేళ్ల తర్వాత పిల్లల కంచాల దాకా వచ్చింది మాత్రం ఆ తీర్మానమే. ఆ టిఫిను వండిందెవరో, గిన్నెలు మోసిందెవరో ఇవాళ ఎవరూ తలుచుకోరు.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. మా నీలం చీర ఆవిడ గురించి ఎమ్మెల్యేగారు అసెంబ్లీలో నిమిషం మాట్లాడారనుకోండి. ఏం చేసిందో చెప్పాలి కదా. చెబితే ఆ వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. ఇన్ని లక్షలమంది తెలుగువాళ్లున్న నగరంలో, ఆసుపత్రిలో దారి చూపడానికి ఒక పనిమనిషి జీతం కోయించుకుని రావాల్సిన అవసరం ఎందుకొచ్చింది? ఓపీ దగ్గర తెలుగు తెలిసిన ఒక్క మనిషిని ఎందుకు కూర్చోబెట్టలేదు? పనిని వివరంగా మెచ్చుకుంటే, ఆ పని ఎవరు చేయాల్సిందో కూడా బయటపడుతుంది. అందుకే కాబోలు ‘మహిళామణి’తో సరిపెడతారు. ఆ మాట వల్ల ఎవరికీ జవాబు చెప్పాల్సిన పని పడదు.

ఈ నగరం వీధులు ఊడ్చేవాళ్లలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో మీకు నేను చెప్పనక్కరలేదు. వాళ్ల పూర్వీకులు నెల్లూరు, గూడూరు వైపు నుంచి వచ్చినవారని నా దగ్గర చదువుకున్న పిల్లలే చెప్పేవారు. 2020లో కరోనా రోజుల్లో ఈ కార్మికులకు దండలు వేశారు, కొన్నిచోట్ల కాళ్లు కడిగారు, ‘ముందువరుస వీరులు’ అన్నారు. 2025 ఆగస్టులో, రాయపురం, తిరు.వి.క. నగర్ మండలాల చెత్త పనిని ప్రైవేటుకు ఇవ్వొద్దని అదే కార్మికులు రిపన్ బిల్డింగ్ ముందు ఎండలో, వానలో 13 రోజులు కూర్చున్నారు. 13వ తేదీ రాత్రి పోలీసులు వాళ్లను అక్కణ్ణించి తీసుకెళ్లారు. దండలు వేసిన చేతుల్లో ఎన్ని ఆ 13 రోజుల్లో అటు వచ్చాయో నాకైతే కనబడలేదు. సన్మానాల పట్ల నాకు చేదు పుట్టింది అప్పుడే. జీతం, ఉద్యోగ భద్రత అడిగినవాళ్లకు పొగడ్త ఇచ్చి పంపకూడదు.

ఫ్లెక్సీల సంగతి కూడా ఇక్కడే అనేస్తాను. సన్మానం అందుకున్నవారి కంటే, చేసినవారి బొమ్మలే పెద్దవిగా వీధి మధ్యలో కడతారు. 2019 సెప్టెంబరులో పళ్లికరణై దగ్గర ఒక బ్యానరు ఊడి మీద పడి, వెనక వచ్చిన నీళ్ల లారీ కింద ఒక ఆడపిల్ల ప్రాణం పోయింది. హైకోర్టు గట్టిగా మందలించింది, కొన్నాళ్లు తగ్గాయి. ఇప్పుడు మళ్లీ మా సందు మొదట్లోనే ఒకటి వేలాడుతోంది, ఎవరిదో పుట్టినరోజు.

సభలో సమయం ఎక్కడిది అంటారని తెలుసు. అసెంబ్లీ కూర్చునే రోజులే తక్కువ. నిజమే. కానీ ఆ ఉన్న సమయంలో సొంత నాయకుణ్ణి పొగడడానికి ఎంత పోతుందో లెక్క తీయమనండి. ఏదైనా సభ్యుడి ప్రసంగం మొదటి అయిదు నిమిషాలు వినండి చాలు. అందులోంచి ఒక్క నిమిషం నియోజకవర్గంలో ఒక మనిషికి ఇవ్వమంటున్నాను. అసెంబ్లీ కుదరకపోతే కార్పొరేషన్ కౌన్సిల్ ఉంది, 200 మంది సభ్యులు. 2022 నుంచి వార్డుల్లో ఏరియా సభలు కూడా మొదలయ్యాయి. మావాళ్లు వాటికి పెద్దగా వెళ్లరు, నీళ్లు రాలేదనీ దీపం వెలగలేదనీ చెప్పడానికి తప్ప. ఆ మినిట్స్ పుస్తకంలోనైనా ఒక పేరు, ఆ పేరు పక్కన చేసిన పని రాయించొచ్చు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. సన్మాన సభ ఫోటో వేస్తే, శాలువా కప్పించుకున్నవారి పేర్లు ముందు వేయండి. ఒక్కో పేరు పక్కన అయిదారు మాటల్లో వాళ్లేం చేశారో వేయండి. చోటు చాలకపోతే వేదిక మీది పెద్దల పేర్లు తగ్గించండి, వాళ్ల పేర్లు మరునాడు ఇంకో వార్తలో ఎలాగూ వస్తాయి. నిర్వాహకులు ఇచ్చిన కాగితంలో ఆ వివరాలు లేకపోతే వాటి కోసం ఫోన్ చేసి అడగండి. మీరు అడగడం మొదలుపెడితే, తర్వాతి సభకు వాళ్లే రాసి తెస్తారు.

నా వంతుగా ఆవిడ పని గురించి ఒక పేజీ తమిళంలో రాసి మా వార్డు సభ్యురాలికి ఇచ్చాను, కౌన్సిల్‌లో చదవమని. ఆసుపత్రిలో తెలుగు తెలిసిన మనిషి కావాలన్న సంగతి కూడా అందులోనే రాశాను. చూస్తానమ్మా అంది. నకలు ఒకటి ఎమ్మెల్యేగారి ఆఫీసులో ఇచ్చి రసీదు అడిగితే, రసీదు ఇచ్చే అలవాటు లేదన్నారు. రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు, రిటైర్డ్ తెలుగు టీచరు,
పాత వణ్ణారపేట, చెన్నై-21