సందు లేకుండా చూడాలి

హైదరాబాద్,
జూన్ 10

చిట్టితల్లీ,

పుట్టబోయే బిడ్డ కోసం నువ్వు పంపిన బెడ్‌సైడ్ క్రిబ్ ఫొటోలు, అదే, పెద్ద మంచానికి ఆనించి పెట్టే తొట్టెలవి, మూడూ చూశాను. "నువ్వే వెళ్లి చూసి తేల్చెయ్ నాన్నా" అన్నావు కదా, మొన్న ఆదివారం కోఠి బయల్దేరాను. ఆ రోజు మృగశిర కార్తె అన్న సంగతే మర్చిపోయాను. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదానికి వచ్చిన జనంతో బస్సు కదల్లేదు. దిగి నడిచాను. మంచిదే అయింది, దారిలో ఉన్న పిల్లల సామాన్ల షాపులన్నీ ఎక్కి దిగాను. ఇదంతా ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో నీకు ఆఫీసు కాల్ వస్తుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు మన ఇంటి సంగతి. నీకోసం సర్దుతున్న గదిలో ఉన్నది బాక్స్ మంచం. పరుపు ఎత్తితే కింద దుప్పట్లు, పాత సూట్‌కేసులు. దానికి కాళ్లు లేవు, చెక్క నేల దాకా ఉంటుంది. నువ్వు ఎంచిన తొట్టెలకేమో అడుగున పొడవాటి పాదాలున్నాయి. అవి పెద్ద మంచం కిందికి దూరితేనే తొట్టె మన పరుపుకు ఆనుకుంటుంది. షాపులో ఆ పాదం పొడవు కొలుచుకొచ్చి, ఇంట్లో బాక్స్ మంచం పక్కన నేల మీద సుద్దముక్కతో గీసి చూశాను. పరుపుకీ తొట్టెకీ మధ్య నా నాలుగు వేళ్లు పట్టేంత సందు తేలింది. షాపులో కుర్రాడికి ఫోన్ చేస్తే "ఏం పర్లేదు అంకుల్, ఓ టవల్ మడిచి దూర్చండి" అన్నాడు.

ఆ మాటకు నా ఒళ్లు ఝల్లుమంది. ఎందుకో నీకెప్పుడూ చెప్పలేదు.

నీకప్పుడు నాలుగో నెల దాటింది. వారాసిగూడలో అద్దెకుండేవాళ్లం. మంచం గోడ వైపుకు జరిపి ఉండేది, గోడకీ మంచానికీ మధ్య చిన్న సందు. నువ్వు జారకుండా అందులో మీ అమ్మ ఒక దుప్పటి మడిచి కుక్కింది. గోడ వైపు నువ్వు, మధ్యలో అమ్మ, ఇవతల నేను. తెల్లవారుజామున నల్లా వచ్చిందని లేచాను. ఒక బిందె నింపుకుని లోపలికొస్తే నువ్వు కనబడలేదు. పొర్లి ఆ సందులోకి జారిపోయావు. దుప్పటి కిందికి దిగిపోయింది, నీ మొహం దాని మడతల్లో ఉంది. ఏడుపు లేదు, చప్పుడు లేదు. మంచాన్ని ఒక్క గుంజు గుంజి నిన్ను ఎత్తుకున్నాను. కాసేపటికి గానీ ఏడవలేదు నువ్వు. నల్లా అలాగే వదిలేశానట, ఓనరు గారు వచ్చి కట్టేశారట, నాకు గుర్తు లేదు. మంచం చప్పుడుకు లేచిన మీ అమ్మకు, కింద పడ్డావని మాత్రం చెప్పాను. నీ మొహం ఎక్కడుందో ఈ రోజుకీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

అందుకే షాపుల్లో తొట్టె రంగు, చక్రాలు, కింద సామాన్ల బుట్ట నా కంటికి ఆనలేదు. సందులే చూశాను. పెద్ద పరుపుకీ తొట్టెకీ మధ్య సందు ఉండకూడదు. ఉంటే బెల్టులు బిగించి దగ్గరికి లాగాలి, అంతే గానీ బట్టలు కుక్కకూడదు. తొట్టె లోపల చిన్న పరుపుకీ అంచుకీ మధ్య రెండు వేళ్లకు మించి పట్టకూడదు. చెక్క కమ్ములున్నదైతే కమ్మికీ కమ్మికీ మధ్య 6 సెంటీమీటర్లు దాటకూడదు, దాటితే ఒళ్లు దూరిపోయి తల ఇరుక్కుంటుంది.

రెండో ఫొటో కింద నువ్వు "ఇదేంటి నాన్నా, గుంటలా ఉంది, మా పరుపుకు సమంగా ఉంటే బాగుండు" అని రాశావు. చూడగానే నాకూ అలాగే అనిపించింది. కానీ ఆ గుంట కావాలనే పెట్టారమ్మా. పసిపిల్లల తొట్టెల భద్రతకు యూరప్‌లో ఉన్న, 2019లో సవరించిన ఈఎన్ 1130 అనే ప్రమాణం ప్రకారం, తొట్టెకు మన వైపున్న తలుపు కిందికి దించినా బిడ్డ పరుపు పైన కనీసం 12 సెంటీమీటర్ల అడ్డు మిగలాలి. అది లేకపోతే బిడ్డ పొర్లి మీ దుప్పట్లలోకి వచ్చేస్తుంది. ఆ అడ్డు పై అంచు మీ పరుపుతో సమంగా ఉండాలి. పైకి పొడుచుకొస్తే బిడ్డ మెడ దాని మీద పడొచ్చు. మూడో ఫొటోలో ఉన్నదానికి ఒక వైపు అసలు అడ్డే లేదు, దాన్ని అక్కడే వదిలేశాను. మొదటిది ఊగే రకం. ఊగకుండా లాక్ ఉంది, నిజమే. కానీ రాత్రి మూడింటికి నిద్రమత్తులో ఆ లాక్ వేశానా లేదా అని నీకెందుకు టెన్షన్? నా ఓటు రెండోదానికే.

మరి బాక్స్ మంచం? అది ఆ గదిలో ఉండదు. మేడ మీద గదిలో టేకు మంచం ఉంది కదా, మా పెళ్లికి మీ తాతయ్య చేయించింది. వారాసిగూడ మంచం అదే. దానికి కాళ్లున్నాయి, కింద చీపురు హాయిగా తిరుగుతుంది, తొట్టె పాదాలు నిక్షేపంగా దూరతాయి. నేల నుంచి చెక్క దాకా 16 అంగుళాలు. దాని మీదకు 5 అంగుళాల కొబ్బరి పీచు పరుపు చెప్పాను. మెత్తటి ఫోమ్ పరుపైతే మనిషి బరువుకు కుంగి కొలత తప్పుతుంది. మొత్తం 21 అంగుళాలు, అంటే 53 సెంటీమీటర్లు. తొట్టె ఎత్తు మార్చే మెట్లలో అన్నిటికన్నా కిందిదాంట్లో పెడితే బిడ్డ పరుపు ఎత్తు 41, పైన అడ్డు 12. సరిగ్గా 53! ఈ లెక్క కుదరగానే మీ అమ్మను వంటింట్లోంచి పిలిచి కాగితం చూపించాను. గురువారం వడ్రంగి వచ్చి మంచాలు మారుస్తాడు.

ఖర్చు సంగతి. ఐదారు నెలల ముచ్చటకు ఇంత డబ్బా అని అల్లుడు గారు అన్నారని చెప్పావు. ఆయన అన్నదీ నిజమే, బిడ్డ చేతులూ మోకాళ్ల మీద లేవడం మొదలుపెట్టిందంటే దీని పని అయిపోయినట్టే. కానీ ఆ నెలలే కదా కష్టమైనవి. రాత్రి రెండు మూడు గంటలకోసారి పాలివ్వాలి. ఒకవేళ ఆపరేషన్ అయితే కుట్లతో లేచి నడవడం ఎంత నరకమో మీ అమ్మను అడుగు. ఇదైతే చెయ్యి చాస్తే బిడ్డ అందుతుంది. కనీసం మొదటి ఆరు నెలలు తల్లి గదిలోనే, కానీ వేరే పక్క మీద పడుకోబెట్టమని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా చెబుతోంది. పాలు పట్టడం అయ్యాక మళ్లీ తొట్టెలోకే. కళ్లు మూతలు పడుతుంటే మమ్మల్ని లేపు, ఎంత రాత్రయినా సరే.

తొట్టెతోపాటు బెడ్ సెట్ ఫ్రీ అన్నారు. చిన్న దిండు, రెండు పక్కలా గుండ్రటి దిండ్లు, పూల బొంత. వద్దన్నాను. గట్టి పరుపు, దాని మీద బిగుతైన షీటు, వెల్లకిలా పడుకున్న బిడ్డ. తొట్టెలో ఇంకేమీ ఉండకూడదు. 1994లో అమెరికాలో పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలుపెట్టాక, నిద్రలో కారణం తెలియకుండా హఠాత్తుగా పోయే పసిపిల్లల సంఖ్య తర్వాతి ఏళ్లలో సుమారు సగానికి తగ్గింది. ఈ సమయంలో నీతో ఇలాంటి మాట అనడం నాకిష్టం లేదు, కానీ చెప్పకుండా ఉండలేను.

ఈ మాట నానమ్మకు చెప్పడమే కష్టమైంది. తన మెత్తటి నేత చీర చించి అప్పటికే ఆవాల దిండు కుట్టేసింది, మునిమనవడి తల గుండ్రంగా రావాలని. అరచేయంత దిండు, చుట్టూ సన్నటి కుట్టు, ఆ కళ్లతో ఎలా కుట్టిందో! పక్కన కూర్చుని, దిండు పెడితే మెడ వంగి ఊపిరి ఇబ్బంది అవుతుందని, పగలు మెలకువగా ఉన్నప్పుడు మన కళ్లెదుట కాసేపు బోర్లా పడుకోబెడితే తల చక్కగానే వస్తుందని చెప్పాను. సాయంత్రమంతా మాట్లాడలేదు. పొద్దున్నే "ఆ పరుపు కొలతలు చెప్పరా" అంది. దిండు విప్పి ఆవాలు పోపుల డబ్బాలో పోసింది, అదే చీరతో చుట్టూ ఎలాస్టిక్ వేసి షీట్లు కుడుతోంది. మూడయ్యాయి.

ఆవిడ మాట ఒకటి నేనూ దాటను. బిడ్డ పుట్టకముందు ఖాళీ తొట్టె ఇంట్లోకి రాకూడదంటుంది. అందుకని షాపులోనే బిగించి కొలిపించి, డబ్బు కట్టేస్తాను. నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు తెప్పిస్తాను. ఇరవై ఒకటో రోజు బారసాలకు హాల్లో కొక్కేనికి చీర ఉయ్యాల కూడా వేద్దాం, నానమ్మ పాడుతుంది. పాట అయ్యేదాకానే. రాత్రి నిద్రకు మాత్రం అది వద్దు, గుడ్డలో గడ్డం ఛాతీకి ఆనుకుపోతుంది.

నీ కాన్పు ఆగస్టులో కదా, ఆగస్టంటే వానలు, దోమలు, డెంగీ. తొట్టె మీద వేసే గొడుగు దోమతెర జారి మొహం మీద పడుతుందేమోనని నాకు భయం. గది కిటికీలకు మెష్ కొట్టించాను. కాయిల్ వెలిగించేది లేదు.

ఈసారి మంచం గోడ పక్కన వెయ్యను, గది మధ్యలోకి జరుపుతాను. ఒక్క విషయం నువ్వే చెప్పాలి. తొట్టె ఎటువైపు రావాలి? పెళ్లికి ముందు నువ్వు కిటికీ వైపు పడుకునేదానివి. ఇప్పుడు ఎటు పడుకుంటున్నావో నాకు తెలియదు. గురువారం లోపు చెప్పు తల్లీ, వడ్రంగి వచ్చేసరికి ఆ పక్క ఖాళీ చేసి ఉంచుతాను.

అల్లుడు గారికి మా ఆశీస్సులు.

నాన్న