ఉమ్మడి గోడ కూలితే బీమా ఎవరికి? ఐఆర్‌డీఏఐ చైర్‌పర్సన్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన చైర్‌పర్సన్ గారికి నమస్కారాలు.

అగ్ని బీమా వ్యాపారం చేసే ప్రతి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ ‘భారత్ గృహ రక్ష’ అనే ఇంటి బీమా పాలసీని ఒకే నమూనాలో ఇవ్వాలని, బీమా కంపెనీలను నియంత్రించే మీ సంస్థ ఆదేశించగా, అది 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. కంపెనీకొక తీరుగా ఉన్న షరతులు ఒక్క తీరుకు రావడం, విలువకంటే తక్కువకు బీమా చేయించారంటూ క్లెయిములో కోత పెట్టే పద్ధతి పోవడం ఇంటి యజమానులకు నిజమైన మేలు. ప్రహరీ, కంచె, గేటు, మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ వాల్, సెప్టిక్ ట్యాంకు కూడా ఇంటి కట్టడంలో భాగమేనని ఆ పాలసీ చెబుతుంది. అయితే ఆ ప్రహరీ ఇద్దరిదైనప్పుడు నష్టాన్ని ఎలా లెక్కగట్టాలో మాత్రం అందులో సూటిగా చెప్పలేదు.

మన దగ్గర ఇద్దరి గోడలు అరుదేమీ కాదు. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు భాగపంపకాల దస్తావేజు హద్దుల్లో ‘మధ్య గోడ ఉమ్మడి’ అని రాసుకోవడం పల్లెల్లోనూ పాత పట్టణాల్లోనూ మామూలే. కాలనీల్లో అయితే ఆ రాత కూడా ఉండదు. ముందు ఇల్లు కట్టుకున్నవారు హద్దు మీద గోడ లేపుతారు, తరువాత వచ్చినవారు సగం ఖర్చు చేతికిస్తారు, రసీదు అడగడం ఇద్దరికీ మొహమాటమే. గాలివానకు ఆ గోడ పడిపోయాక నష్టాన్ని అంచనా వేసే బీమా సర్వేయరు వచ్చి ఇది ఎవరిదని అడిగితే చూపడానికి కాగితం ఉండదు. పైగా ఇంటి బీమా మొత్తాన్ని కార్పెట్ ఏరియాను (ఇంటి లోపల వాడుకునే నేల విస్తీర్ణాన్ని) బట్టి లెక్కిస్తారు. ప్రహరీ లాంటి అదనపు కట్టడాల విలువను యజమాని విడిగా చెప్పాలి. గృహరుణంతో పాటే పాలసీ తీసుకున్న ఎందరో ఆ సంగతి వినను కూడా వినలేదు.

ఒక పొరుగువారికి పాలసీ ఉండి రెండోవారికి లేనప్పుడు చిక్కు ఇంకా ముదురుతుంది. వాటా మేరకే చెల్లిస్తామని కంపెనీ అంటే, బీమా సూత్రం ప్రకారం అది తప్పని అనలేం. కానీ గోడను సగం మందాన కట్టలేం కదా. కాబట్టి వాటా మేరకు చెల్లింపు అనేదే మూల నిబంధనగా స్పష్టంగా రాసి, కొద్దిపాటి అదనపు ప్రీమియంతో గోడ మొత్తాన్నీ తిరిగి కట్టుకునే ఐచ్ఛిక రక్షణను కూడా అందుబాటులో ఉంచాలని కోరుతున్నాను.

ఇంతకంటే పెద్ద లోపం తవ్వకాల విషయంలో ఉంది. నేల కుంగితే పాలసీ వర్తిస్తుంది, కానీ ఏ ఆస్తిలోనైనా జరిగిన నిర్మాణం, కూల్చివేత, తవ్వకం వల్ల కుంగితే వర్తించదని మినహాయింపు పెట్టారు. తవ్వింది ఎవరన్నదానితో దానికి పని లేదు. పక్క స్థలంలో బిల్డరు సెల్లారు కోసం లోతుగా తవ్వినప్పుడు మట్టి జారి ప్రహరీ ఒరిగితే, ఆ తవ్వకంతో ఏ సంబంధమూ లేని పాలసీదారుడు కూడా నష్టపోవలసిందే. పొరుగు నేల ఇచ్చే సహజమైన ఆసరాను పొరుగు ఆస్తులకు సంబంధించిన హక్కుల గురించి చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం గుర్తించినా, అది నేలకు దాని సహజ స్థితిలో ఉన్న హక్కు. దానిపై కట్టిన గోడకు అదే రక్షణ కోరాలంటే కోర్టులో చాలా రుజువు చేసుకోవాలి. నిర్మాణ పనులకు బిల్డరు తీసుకునే కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీలో ఇతరుల నష్టానికి ఒక భాగం ఉన్నప్పటికీ, కంపనాల వల్లనో ఆసరా తొలగడం వల్లనో కలిగిన నష్టం సాధారణంగా ప్రత్యేక ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే అదనపు షరతు) ఉంటే తప్ప అందులోకి రాదు. ఇలా రెండు పాలసీల మధ్య ఇల్లుగలవాడు చిక్కుకుంటున్నాడు. తవ్వకం తనది కానప్పుడు అతని కంపెనీయే ముందు డబ్బు చెల్లించి, ఆ తరువాత అతని స్థానంలో నిలిచి బిల్డరు నుంచి రాబట్టుకోవడం న్యాయం. బిల్డరుతో ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిపే ఓపిక, లాయర్ల బలం కంపెనీకి ఉంటాయి గాని పింఛను మీద బతికే ఇంటాయనకు ఉండవు.

గోడ పక్కింటి మీద పడినప్పటి సంగతి కూడా చూడండి. 2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత వానకు హైదరాబాదు బండ్లగూడలో గోడ కూలి ఇళ్ల మీద పడి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ‘భారత్ గృహ రక్ష’ సొంత ఇంటి నష్టాన్ని భరిస్తుందే తప్ప, మన గోడ వల్ల పొరుగువారికి కలిగే నష్టానికి మన మీద పడే బాధ్యతను భరించదు. ఆ బాధ్యతకు రక్షణను ఐచ్ఛికంగానైనా ఈ నమూనాలోనే చేర్చడం అవసరం.

ఈ మార్పులకు చట్ట సవరణ అక్కర్లేదు, పాలసీ నమూనాను సవరిస్తే చాలు. అది ఆలస్యమయ్యేలా ఉంటే, పాలసీ కోసం నింపే ప్రతిపాదన పత్రంలో ‘హద్దు గోడ మీ ఒక్కరిదా, ఉమ్మడిదా, మీ వాటా ఎంత’ అన్న ప్రశ్ననైనా వచ్చే వానాకాలానికి ముందే చేర్పించండి. ఆ జవాబు తెలుగులోనే రాసే వీలు కూడా కల్పించండి.

ఇట్లు,
హైదరాబాదు నుంచి ఒక గృహ బీమా పాలసీదారుడు