బాండింగ్ బాటిల్ మార్చే ముందు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. పాపకి జ్వరం తగ్గిందని చదివాక మనసు కుదుటపడింది. ఇక నువ్వడిగిన సంగతి. ఫిల్లింగ్ చేయించుకెళ్ళినవాళ్ళు వారం తిరక్కుండానే చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటోందని వస్తున్నారనీ, ఒకరిద్దరివి ఊడిపోయాయనీ, ఫిల్లింగ్‌ని పంటికి అతికించే బాండింగ్ మందు కంపెనీ మార్చేద్దామనుకుంటున్నాననీ రాశావు. తొందరపడకురా. నాకు బాటిల్ మీద అనుమానం లేదు. అందులోని మందు పంటికి ఎలా పడుతోందో ముందు చూడాలి.

పంటి పైపొర ఎనామెల్‌తో పెద్ద పేచీ లేదు. బరువులో 96 శాతం దాకా ఖనిజమే కదా. లోహానికి పెయింట్ బాగా పట్టడానికి ఫ్యాక్టరీల్లో ఫాస్ఫారిక్ యాసిడ్ వాడడం చూసి, 1955లో బ్యూనోకోర్ అనే దంతవైద్యుడు అదే యాసిడ్‌ని పంటికి పూశాడు. ఆయన వాడింది 85 శాతం, ఇప్పుడు మనం వాడేది 37 శాతం. కడిగి బాగా ఆరబెడితే సుద్దలా తెల్లబడుతుంది, అంతే.

చిక్కంతా ఎనామెల్ కింది పొర డెంటిన్‌తోనే. యాసిడ్ ఖనిజాన్ని కరిగించేశాక అక్కడ మిగిలేది కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులు. చెరువులో నాచు నీళ్ళున్నంతసేపు విచ్చుకుని ఉంటుంది, నీళ్ళు తీసేస్తే నేలకు అతుక్కుపోతుంది. ఈ పోగులూ అంతే. వాటి సందుల్లోకి బాండింగ్ దిగి గట్టిపడితేనే 1982లో జపాన్ పరిశోధకుడు నకబయాషి చూపించిన హైబ్రిడ్ లేయర్, అంటే మందూ పోగులూ కలిసిపోయిన పొర, తయారవుతుంది. నువ్వు ఎనామెల్ తెల్లబడేదాకా గాలీ నీళ్ళూ వదిలే త్రీ-వే సిరంజితో గట్టిగా ఊదుతుంటే పక్కనున్న డెంటిన్ కూడా ఎండిపోతుంది. పోగులు పడిపోతాయి, మందు దిగదు, కింద పంటి నరం వైపు వెళ్ళే సన్న గొట్టాలు తెరుచుకునే ఉంటాయి. మరి జివ్వుమనదా? అందుకే యాసిడ్ ముందు ఎనామెల్‌కి పెట్టి, డెంటిన్‌కి చివర్లో పెట్టు. అక్కడ 15 సెకన్లు దాటనివ్వకు. కడిగాక డెంటిన్ మీద గాలి ఊదకుండా చిన్న దూది ఉండతో అద్దు. తడి మెరుపు కనిపించాలి, నీళ్ళు మాత్రం నిలవకూడదు.

తర్వాత పూయడం. చాలామంది మైక్రోబ్రష్‌ని అలా ఒకసారి తాకించి, మందుని గట్టిపరిచే లైట్ పెట్టేస్తారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. 20 సెకన్లపాటు బ్రష్ చివర కాస్త వంగేలా మూలమూలలా రుద్దాలి. అలా రుద్దితే మందు లోపలికి దిగుతుంది, మందుని పల్చగా ఉంచే సాల్వెంట్ పైకి పోతుంది. మనసులో లెక్కపెట్టకు. పేషెంట్ నోరు తెరుచుకుని ఉంటే మన అంకెలు పరిగెత్తుతాయి. గోడ గడియారం చూడు.

ఆపై గాలి. మొదట దూరం నుంచి మెల్లగా, తర్వాత దగ్గరగా. ఊదుతున్నప్పుడు లోపలి పొరనే చూడు. మొదట్లో అలలు అలలుగా కదులుతుంది. ఆ కదలిక పూర్తిగా ఆగి, పల్చటి మెరుపు మిగిలితే సాల్వెంట్ పోయినట్టు. అప్పుడే లైట్. కదులుతుండగానే క్యూర్ చేస్తే ఆ పొర ఎప్పటికీ బలహీనమే. మూలల్లో మడుగు కట్టినా ముప్పే. రేపు ఎక్స్‌రేలో ఫిల్లింగ్ కింద నల్లటి గీతలా కనిపిస్తుంది, ఇంకో డాక్టర్ మళ్ళీ పుచ్చిందనుకుని మంచి ఫిల్లింగ్‌ని తవ్విపారేస్తాడు.

అన్నట్టు, మీ కాకినాడ ఉక్కకి కంప్రెసర్ ట్యాంకులో నీళ్ళు చేరుతుంటాయి. రోజూ సాయంత్రం వాల్వు తెరిచి వదిలేయిస్తున్నావా? సిరంజి గాలిని ఓసారి మౌత్ మిర్రర్ మీద ఊది చూడు. చుక్కలు గానీ నూనె మరక గానీ పడితే అదే నీ పంటి మీదా పడుతోంది. ఇంకోటి, అసిస్టెంట్ అమ్మాయి పేషెంట్ కూర్చోగానే బాండింగ్ చుక్క గిన్నెలో వేసి పెడుతుందేమో కనుక్కో. అది అసిటోన్ ఉన్న మందైతే నువ్వు బ్రష్ ముంచేసరికి సాల్వెంట్ సగం ఎగిరిపోతుంది. పూసే ముందే వెయ్యమను, మూత వెంటనే పెట్టమను.

పంటికి ఉమ్మి తగలకుండా చుట్టూ కట్టే రబ్బర్ డ్యామ్ గురించి నీకు చెప్పక్కర్లేదు గానీ, కింది దవడ మోలార్లకి కాటన్ రోల్స్‌తో సరిపెట్టకు. ఇంత జాగ్రత్తగా పూసిన చోట ఉమ్మి తగిలితే పడిన కష్టమంతా దండగ.

ఇంతకీ నీ దగ్గరున్నది ఏ రకమో రాయలేదు. యాసిడ్ పెట్టినా పెట్టకపోయినా పనిచేసే యూనివర్సల్ రకం అయితే యాసిడ్ ఎనామెల్ అంచులకే పెట్టి డెంటిన్‌ని వదిలెయ్. దానికి ఆ మందే చాలు, జివ్వుమనడమూ తగ్గుతుంది. ఊడిపోయిన పళ్ళ ఎక్స్‌రేలు ఫోన్‌లో పంపు. ఫిల్లింగ్ ఊడింది చిగురు వైపు అంచు నుంచా, పైనుంచా అన్నది కూడా రాయి. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
మూర్తి